పాత బట్ట వయసు తెలిసేదెలా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేవారు ఇంటింటికి వస్తుంటారు. తాతమ్మ నాటి చీరను ఒక గిన్నెకు ఇచ్చివేసే ముందు, బట్ట వయసును శాస్త్రజ్ఞులు ఎలా తేలుస్తారో తెలుసుకొందాం.

మొదట పోగును సూక్ష్మదర్శినిలో చూస్తారు. పత్తి పోగు మెలిపెట్టిన రిబ్బనులా, అవిసె నార వెదురు కణుపుల్లా కనిపిస్తుంది. తరువాత రంగును పరీక్షిస్తారు. పూర్వం మచిలీపట్నం కలంకారీలో ఎరుపుకు చిరివేరు వాడేవారు. కృత్రిమ రంగుల వాడుక 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ ఊదా రంగును తయారుచేసిన తరువాతే మొదలైంది. మూడు వందల ఏండ్ల నాటిదని చెప్పే బట్ట అద్దకంలో అలాంటి రంగు బయటపడితే ఆ మాట నిలవదు.

మూడవది కార్బన్-14. పత్తి మొక్కైనా, అవిసె మొక్కైనా బ్రతికినంతకాలం గాలినుండి దీనిని తీసుకొంటుంది. కోసిన తరువాత అది తరుగుతూ, సుమారు 5,730 ఏండ్లకు సగమవుతుంది. మిగిలినదానిని కొలిచి వయసు లెక్కకడతారు.

ఇటలీలోని టూరిన్‌లో ప్రభువు దేహమునకు చుట్టినదని అనేకులు నమ్మే నారబట్ట ఉంది. 1988లో ఆక్స్‌ఫర్డ్, జూరిచ్, అరిజోనా ప్రయోగశాలలు దాని ముక్కలను పరీక్షించి, అది 1260–1390 మధ్య కాలానిదని తేల్చాయి. ముక్కలు తీసిన చోటు సరియైనదేనా అని కొందరు నేటికీ వాదిస్తున్నారు.

ఇందుకు మనం కలవరపడనక్కరలేదు. మన విశ్వాసం బట్టమీద కాదు, తిరిగి లేచిన ప్రభువుమీద నిలిచింది. సత్యం పరీక్షకు భయపడదు. అన్నిటినీ పరీక్షించమని థెస్సలొనీకయులకు పౌలు వ్రాసింది ఇందుకే గదా! పాతదన్న మాటకే డబ్బు పోయకండి. పాతబడిందని విలువైనదాన్ని పారవేయకండి.