రథికుడూ తానే, సారథీ తానే

భారతంలో రథమెక్కి యుద్ధం చేసేవాడు వేరు, పగ్గాలు పట్టేవాడు వేరు. అర్జునుడికి కృష్ణుడు దొరికాడు, కర్ణుడికి శల్యుడు దాపురించాడు. పందెపు కారులో ఆ ఏర్పాటు లేదు. వున్నది ఒకటే సీటు. గెలిచినా, గోడకు కొట్టుకున్నా పూచీ ఆ ఒక్కడిదే.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. కరెంటుతో నడిచే ఒంటి సీటు కార్లు నెక్లెస్ రోడ్డు మీద దూసుకుపోవటం చూసి, మన సికింద్రాబాదు కుర్రవాళ్ళు కొందరు ఆ మోజులో పడ్డారు. "మేమూ నడపగలమా మేష్టారూ?" అని మా కాలేజీలోనూ అడుగుతారు. ఆ మాట ఇంట్లో అంటే తండ్రి చెయ్యి జేబు మీదికీ, తల్లి చెయ్యి గుండె మీదికీ పోతాయి. రెండు భయాలూ న్యాయమైనవే.

ముందు జేబు సంగతి. మనదేశంలో ఈ ఆట పొదుపుగానే పెరిగింది. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీదనే ఏళ్ళ తరబడి పందాలు జరిగాయి. ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ 1990లో గాని రాలేదు. కోయంబత్తూరు కరివర్ధన్ మన వీధుల్లో తిరిగే మారుతి 800 ఇంజనుతోనే పందెపు కారు తయారుచేశాడు. దాన్ని ఫార్ములా మారుతి అన్నారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ కార్లు నడిపిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడయ్యాడు.

కాబట్టి మొదటి సూత్రం: కారు కొనకండి. కొంటే షెడ్డూ, మెకానిక్కూ, టైర్లూ, మోసుకుపోయే లారీ కూడా మెడకు చుట్టుకుంటాయి. ముందు ఊరి పొలిమేరల్లో అద్దెకిచ్చే గో-కార్టుతో చెయ్యి తిప్పుకోవాలి. తరవాత చెన్నైలోనో, కోయంబత్తూరులోనో శిక్షణ, డాక్టరు సర్టిఫికెట్టు, మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల ఫెడరేషన్ ఇచ్చే లైసెన్సు. అప్పుడు ఏదైనా జట్టు దగ్గర పందానికింతని ఇచ్చి సీటు అద్దెకు తీసుకోవచ్చు. కారూ, మెకానిక్కూ వాళ్ళవే. అయితే కారు విరిగితే ఖర్చు ఎవరిదో, ఎంతవరకో ముందే కాగితం మీద రాయించుకోవాలి. అద్దెకు సరిపడా డబ్బున్నవాడు కూడా మరమ్మతు బిల్లు దగ్గర మునిగిపోతాడు.

పొదుపు పనికిరాని చోటు ఒకటుంది. ఒకరు వాడిన హెల్మెట్ కొనవద్దు. లోపల దెబ్బతిన్నా పైకి నిగనిగలాడుతూనే వుంటుంది. నిప్పంటని దుస్తులూ అంతే ముఖ్యం.

ఇక తల్లి భయం. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు. డాక్టరూ, అంబులెన్సూ, మంటలార్పే మనుషులూ సిద్ధంగా వుంటారు. అర్ధరాత్రి నెక్లెస్ రోడ్డు మీద అవేవీ వుండవు. పైగా డ్యూటీ దిగి ఇంటికిపోయే వాచ్‌మన్‌ను ఈ పందానికి ఎవరు ఒప్పించారు? వద్దని ఒక్కమాటతో తలుపు వేస్తే కొందరు కుర్రవాళ్ళు ఆ రోడ్డే ఎక్కుతారు.

అందుకని నెలకింతని ఒక మొత్తం ఇవ్వండి. లెక్క వాణ్ణే రాయమనండి. ఒకే గో-కార్టు ట్రాక్‌లో చుట్టుకు ఎన్ని సెకండ్లు పట్టిందో ప్రతిసారీ రాసి, ఆరు నెలల తరవాత చూపించమనండి. అంకె తగ్గుతూ వస్తే వాడిలో సారథి వున్నట్టే, తరవాతి మెట్టు ఆలోచించవచ్చు. తగ్గకపోతే పోయింది కొద్ది డబ్బు. ప్రాణం ఇంట్లోనే వుంది.