కాశీబాటపై సైకిలుయాత్ర

ఆత్మకూరు మొదలుకొని సోమశిల రేవు మీదుగ హైదరాబాదు వఱకు, ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున కాశికి పోయిన బాటను సైకిళ్లపై అనుసరింపదలచితిమని కొందఱు యువకులు మా కార్యాలయమునకు వచ్చి చెప్పిరి. చేసికొనవలసిన సన్నాహ మేమియో తెలుపుమని కోరిరి. వారు తెచ్చిన కాగితములను చూచితిమి. సైకిళ్ల సామగ్రి పట్టిక రెండు నిండు పుటలు గలదు. బాటను గూర్చి రెండు పంక్తులు మాత్రమే గలవు. ఆ యుత్సాహమును మేము మనసార అభినందించుచున్నాము. కాని ఆ కాగితములు తలక్రిందులుగ నున్నవని చెప్పక తప్పదు. బాటకు రెండు పుటలును, సామగ్రికి రెండు పంక్తులును ఉండవలసినది.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండినవారు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి కాశీ గయాది క్షేత్రములను సేవించి 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. దారిపొడవునను తాము చూచినదెల్ల వ్రాసి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచు వచ్చిరి. ఆ గ్రంథమును పిళ్లగారు 1838లో అచ్చువేయించిరి. అప్పటికి వీరాస్వామయ్యగారు జీవించి లేరు. బెజవాడలో దిగవల్లి వేంకట శివరావుగారు విపులమైన వివరణములతో 1941లో మఱల ప్రకటించిరి. యాత్రకు కొనవలసిన మొదటి వస్తువు ఈ పుస్తకము. రెండవది సైకిలు.

ఏ మజిలీలో అంగళ్లున్నవి, ఏ యూరి నీరు త్రాగుటకు బాగుండును, ఎచట రాతిబాట, ఎచట రేగడి, ఏ జమీందారు మనుష్యులు దారిలో పీడింతురు అను విషయములు ఆ పుస్తకమున నున్నట్లు నేటి ప్రయాణగ్రంథములలో కనబడవు. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు దాటి శ్రీశైలమున స్వామిని సేవించి, వెనుకకు వచ్చి, నివృత్తిసంగమము కడ కృష్ణను సమీపించి, ఆవలి యొడ్డున పెంట్లవెల్లి, పానుగల్లు, వనపర్తి, జడ్చర్లల మీదుగ హైదరాబాదు చేరిరి. ఆయనతో నించుమించు నూఱుగురు జనులుండిరి. డేరాలు, కావడిపెట్టెలు, వంటవారు, బంట్రోతులు, పల్లకిని మోయు బోయీలు - అదియంతయు నొక కదలు గ్రామము. సైకిలు యాత్రికుడన్ననో, పల్లకిలో కూర్చున్న దొరయు తానే, దానిని మోయు బోయీయు తానే. పరిహాసమునకు మే మీ మాట చెప్పుట లేదు. నూఱుగురు పంచుకొన్న బరువును ఒక్కడు మోయవలసియున్నప్పుడు, ఏది మోయవలెనో, దేనిని ఇంట విడువవలెనో నిర్ణయించుటయే సన్నాహము.

అన్నిటికంటె ముందుగ యువకులు తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. వారు అనుసరింపదలచిన బాటలో ముఖ్యభాగము నేడు నీటి క్రింద నున్నది. 1963లో పండిత నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట వెనుక నిలిచిన జలము కృష్ణకు రెండు దరులను ఎగువదాక కప్పివేసినది. నిండు జలాశయమున నీటిమట్టము 885 అడుగులు. నాటి రేవులు, రేవులకు దిగు బండిదారులు, దారి ప్రక్కల తోపులు, నూఱుకు తక్కువ గాని గ్రామములు అందులో కలిసిపోయినవి. 1981 వేసవిలో జనులను బలవంతముగ ఖాళీ చేయించి ఇండ్లను పడగొట్టిరి. విద్యుత్తు వెలిగినది, పొలములు కొన్ని పండినవి, ఆ లాభములను మేము కాదనము. కాని ఇల్లు విడిచినవారి కుటుంబములకు ఉద్యోగము లిత్తుమని 1986లో వెలువడిన 98వ నంబరు ఉత్తర్వు ఏండ్ల తరబడి అర్జీల కట్టలుగానే నలిగినది. దేశమునకు వెలుగిచ్చినవారి పిల్లలు కచ్చేరీల వసారాలలో నిలువబడుట ఏ ప్రభుత్వమునకును గౌరవము కాదు.

దేవుళ్లకు మాత్రము మనుష్యులకంటె మంచి పునరావాసము లభించినది. సోమశిలలోని సోమేశ్వరాలయమును రాయి రాయిగ విప్పి ఎగువ నేలపై మరల కట్టిరి. మంచాలకట్ట మాధవస్వామి కొల్లాపురమునకు వచ్చెను. జటప్రోలు ఆలయములును, కూడవెల్లి సంగమేశ్వరుడును అట్లే స్థానము మార్చుకొనిరి. కూడవెల్లి స్వామిని నేడు ఆలంపురమున చూడవచ్చును. సప్తనదీసంగమమున నున్న సంగమేశ్వరుని మాత్రము అచటనే విడిచిరి. వేపదారువు శివలింగమని ప్రసిద్ధి గాంచిన ఆ స్వామి సంవత్సరములో పెక్కు నెలలు జలవాసి. ఎండలు ముదిరి నీరు తగ్గినప్పుడు గోపురమును, పిదప గుడియును బయటపడును.

ఇచ్చటనే యాత్రాకాలమును గూర్చిన చిక్కు కలుగుచున్నది. వీరాస్వామయ్యగారు ఈ సీమను దాటినది జూన్ నెలలో. ఎండకాలమున పోయినచో సంగమేశ్వరుని దర్శనము లభించును, మునిగిన బాటల ఆనవాళ్లు బురదలో కొంత కనబడును. కాని పాలమూరు ఎండలో మధ్యాహ్నము సైకిలు త్రొక్కుట ప్రాణాపాయము. మార్గశిర పుష్యములలో పోయినచో ప్రయాణము హాయి. కాని నిండు నీరు తప్ప చూచుట కేమియు నుండదు. యువకులు శీతకాలమునే కోరుకొనిరి. మా సలహా వేఱు. మార్చి మొదటి పక్షమున, నీరు తగ్గుటకు మొదలిడి ఎండ యింకను ముదురనప్పుడు బయలుదేరవలెను. తెల్లవాఱుజామున నాలుగింటికి లేచి, వెలుగు వచ్చిన వెంటనే కదలి, పదిగంటలకు నీడ చేరి, నాలుగింటిదాక మరల సైకిలు ముట్టరాదు. దినమునకు 50 కిలోమీటర్లు చాలును. ఆయన పల్లకీ నడకను అనుసరించువారికి తొందర యేల? ఆ యేడు గుడి బయటపడునో లేదో ముందు విచారించుకొనవలెను. ఆనకట్ట నీటిలెక్కలకు పంచాంగముతో పని లేదు.

ఇక నదిని దాటుట. సోమశిల సరిగా వీరాస్వామయ్యగారు దాటిన రేవని మేము చెప్పము. ఈ భాగమున నేడు మిగిలిన ముఖ్యమైన రేవు సోమశిల. ఆవల సిద్ధేశ్వరము, సంగమేశ్వరము ఆంధ్రప్రదేశమున నంద్యాల జిల్లాలోనివి. ఈవల సోమశిల తెలంగాణమున నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. 2014నుండి రెండు రాష్ట్రముల సరిహద్దు నదీమధ్యమున ప్రవహించుచున్నది. పడవకు బాధ్యుడెవ్వడను ప్రశ్న వచ్చినప్పుడు ఈ దరి ఆ దరిని చూపుటకు వీలు చిక్కినది. మంచాలకట్ట రేవున 2007 జనవరిలో పడవ మునిగి అఱువదిమంది వఱకు మృతినొందిరి. ఆ దుఃఖమును ఈ తీరగ్రామములు మఱచినవి కావు. కావున సైకిళ్లతో పడవ యెక్కువారు మూడు సంగతులలో మొగమోటమి పడరాదు. తేలుకవచములు లేని పడవ ఎక్కరాదు. జనము క్రిక్కిఱిసియున్నచో ఎంత పిలిచినను ఎక్కరాదు. గాలి లేచినచో ఆ దినము ప్రయాణము లేదనుకొనవలెను. పడవవాడు పొమ్మన్నను, యాత్రికుడు నిలువవలెను. సైకిలును నిలువబెట్టక పడవ అడుగున పండవేసి త్రాళ్లతో కట్టుట యుక్తము. నదిని దాటకయే పోవలెనన్నచో కర్నూలు చుట్టు తిరిగి తుంగభద్రను అచటను, కృష్ణను బీచుపల్లి కడను వంతెనలపై దాటవచ్చును. కాని అది రహదారి ప్రయాణ మగునుగాని ఈ యాత్ర కాదు.

శ్రీశైలమునకు కూడ సైకిలుపై పోయి వత్తుమని వారిలో నొకడు పట్టుపట్టెను. నాగలూటి పాతదారి నేడు పెద్దపులుల సంరక్షణారణ్యములోనిది. అడవిశాఖ అనుమతి లేక అడుగిడరాదు. సైకిలుతో నసలే రాదు. దోర్నాల మీదుగ పోవు తారురోడ్డున రాత్రి తొమ్మిదినుండి ఉదయమాఱు వఱకు వాహనములను విడువరు; ఘాట్లలో ఎక్కుడు కంటె దిగుడు అపాయము, బ్రేకు రబ్బరులు అరిగి కాలిపోవును. స్వామిదర్శనమునకు బస్సున్నది. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ప్రసంగవశమున నొక మాట. శ్రీశైలమునకు ఉపద్వారములలో సోమశిల యొకటి యని పురాణజ్ఞులు చెప్పుదురు గదా, మనము ఆ ద్వారముననే ప్రవేశింతుమని యువకులు సంతోషించుచుండిరి. ఆ సోమశిల పెన్నానదిపై నెల్లూరు జిల్లాలోనిది, ఆగ్నేయదిక్కున నున్నది. కృష్ణాతీరపు సోమశిల వేఱు. ఈ రెంటిని కలిపి వ్రాయు పత్రికలు పెక్కు గలవు. మేమును ఒకప్పుడు పొరపడినవారమే.

సోమశిలనుండి కొల్లాపురము సుమారు 10 కిలోమీటర్లు. అచటనుండి పెంట్లవెల్లి, పానుగల్లు కోట, వనపర్తి, పిదప పెద్దరహదారి. ఇందు పానుగల్లు వఱకు గల దారి ఈ యాత్రకు ప్రాణము. మామిడితోటలు, ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, చెఱువుకట్టలు - వీరాస్వామయ్యగారు చూచిన దేశమిదియే యని నమ్మవచ్చును. జడ్చర్లనుండి షాద్‌నగరము, శంషాబాదుల మీదుగ పోవు 44వ నంబరు జాతీయ రహదారి క్రింద ఆయన బాట చాలవఱకు కప్పబడినది. అచట లారీల వేగమునకు యాత్రికుని ప్రాణము గడ్డిపోచ. ప్రక్కదారి యున్నంతవఱకు ప్రక్కదారినే పోవలెను. చీకటిపడిన పిదప చక్రము తిరుగరాదు.

సామగ్రిని గూర్చి రెండు పంక్తులు చాలునంటిమి, నాలుగు వ్రాయుచున్నాము. రెండు ట్యూబులు, పంపు, అతుకు సామాను, గొలుసు విప్పు పనిముట్టు, నాలుగు చువ్వలు, నాలుగు లీటర్ల నీరు, ఉప్పు పంచదార పొట్లములు, వెనుక ఎఱ్ఱదీపము, తలకు శిరస్త్రాణము. లక్షరూపాయల విదేశీయపు సైకిలు అవసరమని యెవరేని చెప్పినచో నమ్మరాదు. దాని గేరు తెగినచో బాగుచేయువాడు పెంట్లవెల్లిలో దొరకడు. ఊరి సైకిలును బాగుచేయువాడు ప్రతి మండలకేంద్రమున రావిచెట్టు క్రింద దొరకును. బయలుదేరుటకు ఆఱువారముల ముందునుండి వారమునకు నాలుగు దినములు, కడపటి రెండువారములు పూర్తి బరువుతో త్రొక్కి చూచుకొనవలెను. బరువు కట్టని సైకిలుపై నూఱు కిలోమీటర్లు పోయితినని పొంగినవాడు బరువు కట్టిన తొలిదినముననే మోకాలు పట్టుకొని కూర్చుండును.

ఇంతవఱకు యువకుల కర్తవ్యము. ప్రభుత్వముల కర్తవ్యమును చెప్పక విడుచుట న్యాయము కాదు. సోమశిలకును సిద్ధేశ్వరమునకును నడుమ సుమారు 1,082 కోట్ల రూపాయల వ్యయముతో తీగలవంతెన కట్టుటకు కేంద్రప్రభుత్వము 2022లో అనుమతించినది. హైదరాబాదు తిరుపతుల నడుమ సుమారు 80 కిలోమీటర్లు తగ్గునని చెప్పిరి. నడచువారు క్రిందినీటిని చూచుటకు గాజునడవ యుండునని ప్రకటించిరి. గాజునడవ విందు వంటిది, ఉండవచ్చును. కాని కూరగాయల గంపతో సంతకు పోవు రైతునకు, బడికి పోవు పిల్లకు, దూరయాత్రికునకు కావలసినది లారీలనుండి గోడతో వేఱుపఱచిన సైకిలుదారి. పటములు ముగిసి ఇనుము నిలిచిన పిదప దానిని చేర్చుట దుస్సాధ్యము. చిత్రపటములలో వంతెన వెలుగులు కన్నులు మిఱుమిట్లు గొలుపుచున్నవి. సైకిలు మాత్రము మాకెచటను కనబడలేదు.

స్పెయినుదేశమున సంత్యాగో క్షేత్రమునకు పోవు పాతదారి గలదు. ఆల్చిప్ప గుర్తు చెక్కిన రాళ్లు దారిపొడవున నుండును. కాలినడకను కడపటి 100 కిలోమీటర్లో, సైకిలుపై 200 కిలోమీటర్లో వచ్చినవారికి యోగ్యతాపత్ర మిత్తురు. 2023లో నాలుగు లక్షలకు మించిన జనులు ఆ పత్రము పొందిరి. దారిలోని పేదపల్లెలు అన్నము పెట్టి, పక్క వేసి బ్రతుకుచున్నవి. మన కాశీబాటపై వీరాస్వామయ్యగారి పేరు చెక్కిన రాయి యొకటియైన మేము చూడలేదు. ఆత్మకూరునుండి జడ్చర్ల వఱకు మజిలీ మజిలీకి ఒక్కొక్క రాయి, దానిపై ఊరిపేరు, ఆయన విడిసిన తేది - ఇందులకగు వ్యయము ఆ వంతెన దీపాలంకారములలో ఒక మూలకు చాలదు. రెండు రాష్ట్రముల పురావస్తుశాఖలు ఒకచోట కూర్చుండి ఒక పూటలో నిర్ణయింపదగిన పని యిది.

సన్నాహములలో కడపటి దానిని యువకులు తమ కాగితమున వ్రాయనేలేదు. 1981కి పూర్వము ఆ బాటను కాళ్లతో నడచినవారు, పుట్టిలో కృష్ణను దాటినవారు, ఏ మఱ్ఱి క్రింద బండ్లు విప్పెడివారో ఎఱిగినవారు తీరగ్రామములలో నింకను కొందఱున్నారు. నాడు ఇరువదియేండ్లవారికి నేడు అఱువది దాటినవి. వారి నోటిలోని రేవుల పేర్లు ఏ పటమునను లేవు. కావున ప్రతి మజిలీలోను ఒక పూట సైకిలును గోడకు చేర్చి, పెద్దల యెదుట కూర్చుండి, ఊరి పేరు, రేవు పేరు, మునిగిన దారి ఎటు నుండి ఎటు పోయెడిదో వారు చెప్పిన మాటలలోనే వ్రాసికొనవలెను. అందులకై ప్రయాణమునకు మఱి నాలుగు దినములు పెంచుకొనుమని వారితో చెప్పితిమి. ఒకడు సెలవు చాలదనెను, తక్కినవా రొప్పుకొనిరి. వారు తెచ్చు వ్రాతలు ఎంత యున్నను ఈ పత్రికలో ప్రకటింపగలము.