పనికిమాలిన కంప

"చెట్లు లెక్కబెట్టే ఉద్యోగమనుకోని చేరితే, పుట్టలు లెక్కబెట్టమంటాండారు మామా!" అన్నాడు మా మేనల్లుడు.

శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని, తిరుగుదారిలో వేంపల్లెలో మా యింట దిగాడు. కొత్తగా అటవీశాఖలో బీట్ ఆఫీసరయ్యాడు. వెనకటికి ఫారెస్టు గార్డు అనేవాళ్ళం. పేరు పెద్దదయింది గాని కాలినడక తగ్గలేదు. శిక్షణలో తమకు చెప్పిన సంగతులు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. చెదపుట్టలు, మాను తొర్రలు, జంతువుల పెంటికలు, అడుగుజాడలు, అన్నీ పుస్తకంలో రాసుకోవాలట. ఎండిన మాను కనిపించగానే కొట్టించెయ్యరాదట. చెట్టుకు తీగ అల్లుకుంటే నరికించరాదట.

"మరి నువ్వు చేసే పనేముందిరా?" అని అడిగింది మా ఆవిడ.

"చూడ్డమే అత్తా!"

అందరం నవ్వాం. కాని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత మనవి చేస్తాను.

మన దేశంలో అడవులకు శాస్త్రం నేర్పినవాళ్ళలో మొదటి పెద్ద బ్రాండిస్ అనే జర్మనీ దేశస్థుడు. 1864లో అడవులకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1878లో డెహ్రాడూన్‌లో అడవి బడి పెట్టారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. 1912లో కోయంబత్తూరులో మద్రాసు రాజధానికంతా ఒక ఫారెస్టు కాలేజీ వెలిసింది. మన కడప జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోదే గదా. ఆ చదువులో అడవి అంటే కలప. మాను చుట్టుకొలత ఎంత, ఎన్నేళ్ళకు కోతకొస్తుంది, కొట్టాక మళ్ళీ ఎట్లా పెంచాలి, ఇదీ లెక్క. వంకర మాను, తొర్ర మాను, పుచ్చు మాను దండగ. అల్లుకున్న తీగ దొంగ. వాళ్ళను తప్పుపట్టడానికి నేనెవణ్ణి? ఆ చదువే లేకపోతే ఆ కాలంలో రైలుపట్టాల కింద దిమ్మెలకు అడవంతా పోయి వుండేది.

కాని ఆ తొర్రలో గుడ్లగూబ కాపురముంటుంది. ఆ తీగ పట్టుకునే దేవాంగపిల్లి రాత్రిపూట ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టుకు పోతుంది. పాపం, దానికి కోతిలా ఎగిరి దూకడం రాదు. తీగ నరికితే దాని బాట తెగిపోయినట్టే. ఈ లెక్క పాత పుస్తకాల్లో లేదు. అడవి ముందుగా నీటికీ నేలకీ ప్రాణికోటికీ, ఆ తర్వాతే రాబడికి అని మన జాతీయ అటవీ విధానం తేల్చి చెప్పింది 1988లో. చెప్పిన మాట కాగితం మీది నుంచి బీటులో తిరిగేవాడి కంటిదాకా రావడానికి ఇంత కాలం పట్టింది.

కంటి సంగతికి మన జిల్లాలోనే ఒక కథ వుంది. మా పాపఘ్ని గండి దగ్గర కొండను చీల్చుకు వచ్చి, వేంపల్లె దాటి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఆ పెన్న వెంటే పోతే సిద్ధవటం. అక్కడి లంకమల కొండల కింద, కంపపొదల్లో కలివికోడి అనే పిట్ట వుంది. మద్రాసు సైన్యంలో డాక్టరుగా వుండిన జెర్డన్ దాన్ని కనిపెడితే, 1848లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. 1900 తర్వాత మరి ఎవరికీ కనబడలేదు. జాతి అంతరించిందని రాసేశారు కూడా.

ఎవరికీ అంటే, చదువుకున్నవాళ్ళకెవరికీ అని అర్థం. 1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారు పిట్ట బొమ్మ పట్టుకుని పల్లెపల్లెకూ తిరిగి అడిగారు. ఆ చుట్టుపక్కల వేటగాళ్ళు అది తమకు తెలిసిన పిట్టేనన్నారు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దీపం వెలుగులో పట్టి తెచ్చాడు. సొసైటీ తరపున వచ్చిన భరత్ భూషణ్ అది కలివికోడేనని లోకానికి చెప్పాడు. ఎనభై ఆరేళ్ళు పోయిందనుకున్న పిట్ట! తపాలాశాఖవారు 1988లో దాని బొమ్మతో బిళ్ళ వేశారు. అదే సంవత్సరం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

విశేషమేమంటే ఆ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు. పలచని ముళ్ళపొద, పొదకూ పొదకూ మధ్య బట్టనేల వుండాలి. అక్కడ రాత్రిళ్ళు పరుగెత్తుతూ చెదలూ పురుగులూ ఏరుకు తింటుంది. పూర్తిగా కంప కొట్టి దున్నితే పోతుంది. పోనీ అని మొక్కలు నాటి దట్టంగా పెంచినా పోతుంది. మనం 'క్షీణించిన అడవి' అని రాసుకునే నేలే దాని ఇల్లు. మనిషి కంటబడని పిట్ట గనక, జల్లెడపట్టిన మెత్తటి మట్టిని పొదల మధ్య పట్టీలుగా పరిచి, తెల్లవారి జాడలు చూసి ఆనవాలు పట్టేవారు. కలివికోడికి ముందు మూడువేళ్ళే గాని వెనకవేలు లేదు. చీకటి పడ్డాక కాసేపటికి కూస్తుంది గనక ఆ కూత కోసం చెవులప్పగించి కూర్చోవడం ఇంకొక పద్ధతి. ఇట్లాంటి పని నేర్చినవాడికి, లెక్కపెట్టడానికి ఒక్క చెట్టు లేకపోయినా అడవి కనబడుతుంది.

ఇక నా నిద్ర సంగతి. నేను అయ్యవారి పనిలో వున్న రోజుల్లో ఒక ఏడు వనమహోత్సవం తలపెట్టాను. ఊరికీ కొండకూ నడుమ, కలివిపొదలూ రేగుకంపా పెరిగిన నేల వుండేది. పిల్లలచేత కంపంతా కొట్టించి, కుప్పవేసి తగలబెట్టించి, వరసలు తీర్చి గుంతలు తవ్వించి జామాయిలు నాటించాను. ఫొటో తీయించుకున్నాం. మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఒకడు నిలబడి చూసి, "అయ్యోరా, ఈడ కౌజులు గుడ్లు పెడతాయి గదా, ఏంటికి కొట్టిస్తాండావు?" అన్నాడు. "చెట్లు పెంచుతున్నాం పెద్దాయనా, నీకు తెలియదులే" అన్నాను. తెలియనిది ఎవరికో ఇప్పుడు అర్థమవుతున్నది. అక్కడ కలివికోడి వుండేదని నేననను. ఏమేముండేవో చూసుకోకుండానే తగలబెట్టించాను, అదీ నా బాధ.

మేనల్లుడికీ ఒక బాధ వుంది. పుట్టలు చూడమన్నారు సరే, చూసే తీరికేదీ? రాత్రంతా ఎర్రచందనం కాపలా. లోకంలో మన ఈ దక్షిణపు తూర్పుకనుమల్లో తప్ప సహజంగా పెరగని మాను అది, దానిమీద ఎన్ని కళ్ళో! "దుంగ పోతే నన్నడుగుతారు గాని, పిట్ట పోతే ఎవరడుగుతారు మామా?" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. వాడి పై అధికారులు నెలకొకసారి దుంగల లెక్కతోపాటు ఆ పుట్టల పుస్తకం కూడా తెప్పించుకుని చూస్తే బాగుంటుందని మాత్రం తోచింది. ఎవరూ విప్పని పుస్తకం ఎంతకాలం రాస్తాడు కుర్రవాడు? ఇంకొక మాట. ఆ తరగతుల్లో పాఠం చెప్పడానికి పట్నం నుంచి పండితులు వస్తారట. రానీ. ఆ పక్కనే మేకలకాపరికీ, వేట మానుకున్న ముసలివాళ్ళకీ కూడా ఓ కుర్చీ వేసి, దినబత్తెం ఇస్తే తప్పేముంది? 1986లో అసలు పాఠం చెప్పింది అట్లాంటివాడే గదా.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి ఆ నేలకు తీసుకుపోయాను. చాలా ఏళ్ళుగా అటుకేసి పోలేదు, మొహం చెల్లక. నా వరసలు ఎక్కడివక్కడ మాసిపోయాయి. గుంతల ఆనవాళ్ళు అక్కడక్కడ వున్నాయి. వాటి అంచుల్లో మోకాలెత్తున కలివి మళ్ళీ లేచింది. మావాడు చెప్పులు విప్పి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పొద పొదకూ వంగి చూస్తూ అరగంట తిరిగాడు.

"ఎన్ని?" అన్నాను.

"పుట్టలు పదకొండు మామా. కౌజుల అరుపు ఒకపక్క వినబడింది. నీ జామాయిలు మూడుండాయి. రాయమంటావా, వద్దా?"

"రాసుకో" అన్నాను. పులివెందుల బస్సుకు టైమవుతున్నదని ఇద్దరం గబగబా రోడ్డెక్కాం.