లేపేసినందుకు శభాష్ అనండి

మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపినప్పటి నుంచి మా జనగామలో ఎవరు కలిసినా ఒకటే మాట: "సార్, మా పిల్లగాణ్ణి పైలట్ చేద్దామనుకుంటున్నం, ఎంతయితది?" మహబూబాబాద్ మిర్చి రైతులు, భూపాలపల్లి సింగరేణి కార్మికులు కూడా ఇదే అడుగుతున్నారు. చిన్న విమానాల మీద పిల్లలకు శిక్షణ ఇచ్చిన మనిషిగా నేను చెప్పేది ఒక్కటే. ఫీజు సంగతి తర్వాత, ముందు గాలి సంగతి అడగండి.

శిక్షణకు వాడే సెస్నా 152 విమానం నిండు బరువుతో కూడా 757 కిలోలే. రన్‌వే మీదికి దిగేటప్పుడు దాని వేగం 60 నాట్ల చుట్టుపక్కల, అంటే గంటకు 110 కిలోమీటర్లు. ఎదురుగాలి 20 నాట్లకు లేచి అంతలోనే 10కి పడిపోతే, రెక్కలను పట్టి నిలిపే గాలి కూడా ఒక్కసారిగా తగ్గిపోతుంది. విమానం జారుతుంది. కంగారులో యోక్‌ను, అంటే చేతిలోని స్టీరింగ్‌ను, వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ఉన్న వేగమూ పోతుంది, ఒక రెక్క వాలుతుంది. నేల దగ్గర సరిదిద్దుకునే ఎత్తు ఉండదు. అందుకే గాలి విసురులో ఎంత తేడా ఉందో అందులో సగం వేగానికి కలుపుకోమంటాం. అప్పటికీ కుదరకపోతే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపడం.

ఒక మే నెల మధ్యాహ్నం మహబూబాబాద్ కుర్రాడొకడు నా పక్కన కూర్చుని దించుతున్నాడు. గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, నిండుగా లేస్తోంది, మరుక్షణం వేలాడిపోతోంది. చక్రాలు నేలకు తగిలి విమానం పైకి ఎగిరింది. అతను ముక్కును కిందికి వంచబోయాడు. అలా వంచితే ముందు చక్రం విరుగుతుంది. "ఐ హావ్ కంట్రోల్" అని విమానాన్ని నా చేతిలోకి తీసుకుని, ఇంజిన్ శక్తి పెంచే థ్రాటిల్ పూర్తిగా తోశాను. వేగం అందుకున్నాక, దిగడానికి దించిన రెక్కల వెనక పలకలను, అంటే ఫ్లాప్‌లను, ఒక్కో మెట్టూ ఎత్తాను. చుట్టు తిరుగుతుండగా అతను అడిగిన మొదటి మాట: "సార్, ఫెయిలయినట్టేనా?"

గాలి కన్నా ఆ ప్రశ్నే ప్రమాదకరం. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. ప్రతి గంటా డబ్బే. ఇంట్లో అమ్మిన పొలం, తెచ్చిన అప్పు ఆ కుర్రాడి కళ్ల ముందే ఉంటాయి. ఎలాగైనా దించెయ్యాలన్న తొందర అక్కడే పుడుతుంది.

మన గాలిని తక్కువ అంచనా వేయకూడదు. 2024 ఆగస్టు 31న ఒకప్పటి భూపాలపల్లి జిల్లాలోని తాడ్వాయి-మేడారం అడవిలో పెనుగాలికి దాదాపు 50 వేల చెట్లు నేలకూలాయి. చిన్న విమానాలు మన రాష్ట్రంలో ప్రాణాలూ తీశాయి. 2019 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ పొలాల్లో సెస్నా 172 కూలి ఇద్దరు, 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా తుంగతుర్తి దగ్గర సెస్నా 152 కూలి ఒక శిక్షణ పైలట్ చనిపోయారు. అవి దిగేటప్పుడు జరిగినవి కావు. కానీ ఈ చదువులో ప్రతి పాఠమూ ప్రాణంతో ముడిపడిందేనని చెప్పడానికి ఆ మూడు ప్రాణాలు చాలు.

కాబట్టి శిక్షణ సంస్థలు ఈ మూడు పనులు చెయ్యాలి. సోలోకు, అంటే విద్యార్థిని ఒంటరిగా ఎగరడానికి, ఎంత గాలి దాటితే పంపకూడదో రాసిపెట్టి గోడకు అంటించాలి. పక్కగాలిలో దిగడం పరీక్ష ముందు మొక్కుబడిగా కాకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో పదేపదే చేయించాలి. గో-అరౌండ్‌కు పట్టిన అదనపు సమయానికి విద్యార్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. రేపు మామునూరులో శిక్షణ మొదలైతే ఈ నియమాలు మొదటి రోజు నుంచే ఉండాలి.

తల్లిదండ్రులారా, ఫీజు కట్టే ముందు ఈ మూడింటి గురించీ అడగండి. మీ బిడ్డ ఫోన్ చేసి "ఇయ్యాల గాలి బాగలేదు, దించకుండా లేపేసిన" అంటే, శభాష్ అనండి.