భూమి కేసుకు వకీలు ఫీజు కోసం అప్పు చేయకండి: ఉచిత న్యాయ సహాయం మీ హక్కు

పాసుపుస్తకంలో పది గుంటలు తగ్గాయి. రీసర్వేలో హద్దు పక్కవారి చేలోకి జరిగింది. తండ్రి పోయి మూడేళ్లయినా విరాసత్ కాలేదు. ఇలాంటి సమస్య వచ్చినప్పుడు మనలో చాలామంది ముందు ఊరి పెద్దల దగ్గరికి, తర్వాత తహసీల్దార్ ఆఫీసుకు వెళతారు. అక్కడ పని కాకపోతే వకీలు ఫీజుకు భయపడి ఆగిపోతారు, లేదా వడ్డీకి తెచ్చి కేసు వేస్తారు. మీరు ఈ రెండింటిలో ఏదీ చేయకముందే తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

ఇప్పుడే ఎందుకు ముఖ్యం?

రెండు రాష్ట్రాల్లోనూ భూమి చట్టాలు ఈ మధ్యే మారాయి. తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది. రికార్డులో తప్పు పడితే చాలామందికి సివిల్ కోర్టు తప్ప దారి లేకుండా పోయింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అధికారుల దగ్గర అప్పీలు చేసుకునే అవకాశాన్ని తిరిగి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. భూమి హక్కు తగాదాతో సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుందన్న భయం దానితో తొలగింది.

దారులు తెరుచుకున్నాయి, మంచిదే. కానీ ప్రతి అప్పీలుకూ ఒక గడువు ఉంటుంది. ఆ గడువు దాటాక న్యాయం మీ వైపు ఉన్నా మీ మాట వినిపించడం కష్టమవుతుంది. చిన్న రైతు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. డబ్బు సమకూరాక వకీలును పెట్టుకుందామని ఎదురుచూస్తుంటే గడువు కాస్తా అయిపోతుంది.

ఎవరికి ఇస్తారు?

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పిల్లలు, దివ్యాంగులు, వరద, కరువు, భూకంపం వంటి విపత్తుల బాధితులు, కస్టడీలో ఉన్నవారు అర్హులు. వీరికి ఆదాయంతో పని లేదు. మిగతావారిలో ఏడాదికి రూ.3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారు రెండు రాష్ట్రాల్లోనూ అర్హులే. అంటే చిన్న, సన్నకారు రైతుల్లో చాలామంది ఇందులోకి వస్తారు. భూమి భార్య పేరున ఉంటే ఆమే దరఖాస్తు చేసుకోవచ్చు, ఆదాయం అడగరు.

ఈ సహాయం కోర్టు కేసులకే అనుకోకండి. తీర్పు చెప్పే అధికారం ఉన్న అధికారులు, ట్రిబ్యునళ్ల ముందు జరిగే విచారణలకూ ఇది వర్తిస్తుంది. ఆర్డీఓ దగ్గర మీ అప్పీలు ఉన్నా వకీలును అడగవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

మీ ప్రాంతంలోని కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. దీనికి జిల్లా జడ్జి అధ్యక్షులు. ముందుగా ఫోన్‌లో అడగాలంటే 15100కు చేయండి. టెలీ లా సేవ కింద 14454కు చేసినా, దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా వకీలుతో మాట్లాడిస్తారు. పనికోసం వలస వెళ్లినవారు తాము ఉంటున్న ఊళ్లో కూడా సలహా అడగవచ్చు.

ఏం తీసుకెళ్లాలి?

• తెల్లకాగితంపై మీ సమస్య తేదీలతో సహా. రాయడం రాకపోతే అక్కడివారు రాసిపెడతారు.
• ఆధార్ నకలు. కుల లేదా ఆదాయ ధ్రువపత్రం. ఆదాయం గురించి అఫిడవిట్ ఇచ్చినా సాధారణంగా సరిపోతుంది.
• పాసుపుస్తకం, పాత పహాణీ లేదా అడంగల్, దస్తావేజుల నకళ్లు. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి.
• మీకు వచ్చిన నోటీసు లేదా ఉత్తర్వు. అది మీ చేతికి అందిన తేదీని దానిమీదే రాసుకోండి.

దరఖాస్తు ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. మీకు పెట్టిన వకీలు ఫీజును సంస్థే చెల్లిస్తుంది. ఆయన మిమ్మల్ని డబ్బు అడగకూడదు. అడిగినా, వాయిదాలకు రాకపోయినా జిల్లా సంస్థ కార్యదర్శికి రాసి ఇవ్వండి. వకీలును మార్చమని కోరవచ్చు.

లోక్ అదాలత్‌లో సంతకం పెట్టేముందు

అన్నదమ్ముల పంపకం, గట్టు తగాదా వంటివి లోక్ అదాలత్‌లో త్వరగా తేలతాయి. పెండింగ్ కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కానీ అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కాబట్టి సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు చదివించుకుని, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. ఎవరు తొందరపెట్టినా ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మీకుంది.

విత్తనం, బీమా, కరెంటు

బీమా సొమ్ము, కరెంటు సరఫరా తగాదాలకు శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు. నాసిరకం విత్తనంతో పంట పోతే రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో తేల్చింది. ఆ కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులదే. విత్తనానికి చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. బిల్లు, ఖాళీ సంచి, లేబుల్ దాచుకోండి. చేను దున్నేయకముందే వ్యవసాయాధికారికి చూపించి నివేదిక తీసుకోండి.

ఉచిత వకీలు దొరికితే కేసు గెలిచినట్టు కాదు. కాగితాలు సరిగా ఉండాలి, వాయిదాలకు వెళ్లాలి, ఓపిక పట్టాలి. అయితే ఫీజు లేదన్న ఒక్క కారణంతో భూమి వదులుకోవలసిన పని మాత్రం లేదు. ఇంట్లో నోటీసు ఏదైనా ఉంటే ఈరోజే తీసి తేదీ చూడండి. గడువు దగ్గరపడితే ముందు 15100కు ఫోన్ చేయండి.