పద్దెనిమిదేళ్లు నిండితే ఆటిజం పోదు! చదువు, కొలువు మన పిల్లల హక్కు!

ఆటిజం ఉన్న యువతీయువకులారా, తల్లిదండ్రులారా, జంటనగరాల యజమానులారా!

"మేం పోయాక వీడి గతేంటి?" ఆటిజం ఉన్న బిడ్డను పెంచిన ప్రతి ఇంట్లోనూ ఉన్న ప్రశ్న ఇది. చిన్నప్పుడు అప్పులు చేసి మరీ స్పీచ్ థెరపీకీ, ఆక్యుపేషనల్ థెరపీకీ తిప్పాం. పద్దెనిమిది దాటేసరికి బడీ లేదు, థెరపీ సెంటరూ లేదు, నాలుగు గోడలే మిగిలాయి. వీళ్లంతా మేధావులని మేం చెప్పడం లేదు. కొందరికి మాటే రాదు. కొందరు డిగ్రీ పాసైనా ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి కళ్లలోకి చూడలేక ఉత్త చేతులతో ఇంటికొస్తున్నారు. పని చెయ్యాలని వీళ్లందరికీ ఉంది.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టం దాన్ని చేర్చింది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో ఉన్నత చదువుకు 5 శాతం సీట్లలో వాటా ఉంది, వయసులో అయిదేళ్ల సడలింపు ఉంది. సర్కారు కొలువుల్లో వికలాంగులకిచ్చే 4 శాతంలో 1 శాతం ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలున్న వాళ్లది.

ఇక్కడొక మెలిక ఉంది, గట్టిగా గుర్తుపెట్టుకోండి. తగిన అభ్యర్థి దొరకకపోతే ఆ పోస్టు మరుసటి ఏడాదికి వెళ్తుంది. అప్పుడూ దొరకకపోతే వేరే వైకల్యాల వారికి, ఆ తర్వాత మామూలు అభ్యర్థులకు పోతుంది. మనం దరఖాస్తు పెట్టకపోతే మన వాటా చట్టబద్ధంగానే చేజారిపోతుంది!

యజమానులారా! మీరు పెట్టాల్సిన ఖర్చు తక్కువే. ఇంటర్వ్యూకి బదులు నాలుగు రోజులు పని చేయించి చూడండి. చెప్పేది కాగితం మీద రాసివ్వండి, ఒకసారికి ఒక్క పనే చెప్పండి. గోల తక్కువగా ఉండే మూల కూర్చోబెట్టండి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. వాళ్ల ముందే "వీడికేం తెలుస్తుంది" అనకండి. వాళ్లకు వినబడుతుంది, అర్థమవుతుంది. సమాన అవకాశాల విధానం ప్రకటించాలన్న నిబంధన ప్రైవేటు సంస్థలకూ ఉందని మరవకండి.

దేశమంతా ఆటిజం వైకల్య శాతాన్ని లెక్కగట్టే ఐసా (ISAA) కొలమానం తయారైంది మన సికింద్రాబాద్‌లోనే. కొలమానం ఇచ్చిన ఊరు కొలువు ఇవ్వలేదా?

సర్కారును మేం అడుగుతున్నది: ఉద్యోగ ప్రకటనల్లో మా వాటా పోస్టులు విడిగా చూపండి. ప్రతి జిల్లాలో పెద్దవాళ్లకు పని నేర్పే కేంద్రం పెట్టండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కనుండి నేర్పే జాబ్ కోచ్‌ను ఇవ్వండి.

వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు లేనివాళ్లు వెంటనే తీసుకోండి. సోమవారం ప్రజావాణికి మీ బిడ్డతో కలిసి కలెక్టరేట్‌కి రండి. మాట వచ్చిన బిడ్డ అర్జీ తానే చదువుతుంది, రాని బిడ్డ తన చేత్తో కలెక్టర్‌కు అందిస్తుంది. తరలిరండి!

ఇట్లు,
ఆటిజం ఉన్న యువతీయువకుల తల్లిదండ్రులు, హైదరాబాద్