కాలనీ పార్కు కూడా మన డిమాండే

వేతన సవరణ, పింఛను, ఖాళీ పోస్టుల భర్తీ వంటి సమస్యల నడుమ కాలనీ పార్కును గురించి వ్రాయడమేమిటని కొందరు కార్యకర్తలు అడుగవచ్చు. రెండు గదుల క్వార్టరులో ఆరుగురు నివసించే కుటుంబాన్ని చూచినవారు ఆ ప్రశ్న వేయరు. రాత్రంతా బండి నడిపించి వచ్చిన గార్డుకు పగటి నిద్ర దక్కాలంటే పిల్లలు వేరొకచోట ఆడుకోవాలి. (2022లో గార్డు పదవికి ట్రైన్ మేనేజరని పేరు మార్చారు, రాత్రి డ్యూటీ మాత్రం పోలేదు.) బీటు ముగించిన పోస్టుమాను కాళ్లు చాచుకొని కూర్చునేది, పెన్షనర్లు కరువు భత్యం లెక్కలు వేసుకునేది, బదిలీపై క్రొత్తగా వచ్చిన ఇల్లాలికి ఇరుగుపొరుగు పరిచయమయ్యేది ఆ వేపచెట్టు క్రిందనే. ఎనిమిది గంటల పనిదినం కొరకు పోరాడిన తరం ఎనిమిది గంటల విశ్రాంతిని, మరి ఎనిమిది గంటల స్వంత కాలాన్ని కూడా కోరింది. ఆ కాలం గడుపుటకు జాగా ఉండాలి కదా!

సంఘానికి నేరుగా తగిలే విషయం మరొకటున్నది. 1969లో ఉత్తర రైల్వే కార్మిక నాయకుడొకరి కేసులో, రైల్వే ఆవరణలో, అందలి ఖాళీ స్థలాలలో సైతం, యాజమాన్యం అనుమతి లేకుండా సభ జరుపుకొనే హక్కు ఉద్యోగులకు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్థలం యజమాని రైల్వేయేనన్నది. చేదుగానే ఉన్నా, గేటు వెలుపలి మునిసిపల్ పార్కు విలువను ఆ తీర్పే మనకు తెలియజెప్పింది.

అటువంటి స్థలాన్ని కాపాడుకొన్నవారున్నారు. బెంగుళూరు సదాశివనగరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంపై ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చివేశారు. నివాసులు హైకోర్టులో మొదట ఓడి, అప్పీలులో గెలిచారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాననే నిలిచింది. ఆస్పత్రి కూడా ప్రజలకు మేలు చేసేదే కదా అన్న వాదన చెల్లలేదు. నివాసులకు అడిగే హక్కు లేదన్న అభ్యంతరమూ నిలువలేదు.

నేడు మన కాలనీల వంతు వచ్చింది. రైల్వే భూములను వాణిజ్యపరంగా వినియోగించుటకై ఏర్పడిన రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ పాత కాలనీల పునర్నిర్మాణాన్ని కూడా చేపట్టింది. శిథిలమైన క్వార్టర్ల స్థానే మంచివి వస్తే వద్దనేదెవరు? కాని అంతస్తుల సంఖ్య చెప్పేవారు ఆటస్థలం వైశాల్యాన్ని కూడా చెప్పాలి. బెంగుళూరు తీర్పు ఆ నగరాభివృద్ధి చట్టంపై ఆధారపడినది. రైల్వే భూమికి అది దానంతటదే వర్తించదు. కనుక ప్రతి శాఖలోను సభ్యుడొకరు తన స్వంత పేరున, 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద, కాలనీ లేఅవుటు నకలును ఇప్పుడే కోరాలి. అందులో పార్కుగా చూపిన స్థలమెంతో తేలేవరకు ఏ పునర్నిర్మాణ ప్రణాళికకూ సంఘం పక్షాన సమ్మతి తెలుపరాదు.